ఏఐ రాసిన కాగితానికి ఎర్ర పెన్ను

(నెల్లూరు జిల్లాలో ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే ఉపాధ్యాయులకు, వాళ్ళకు శిక్షణ ఇవ్వబోయే రిసోర్స్ పర్సన్లకు చేసిన ప్రసంగం. మాట తీరు మార్చకుండా ఎత్తి రాశాం.)

అందరికీ నమస్కారం. మీలో కొందరు మీ మండలాలకు వెళ్ళి ఎస్జీటీలకు, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్లకు, ఏఐ మీద, అంటే అడిగితే రాసిచ్చే చాట్‌బాట్ల మీద, శిక్షణ ఇవ్వాల్సినవాళ్ళు. మిగతావాళ్ళు ఆ శిక్షణ తీసుకుని మర్నాడే ఒకటో తరగతి ముందు నిలబడాల్సినవాళ్ళు. కాబట్టి ప్రపంచం ఎటు పోతోందన్న ఊదరగొట్టుడు మనకొద్దు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, హాజరు యాప్, భోజనం యాప్, మధ్యలో గుడ్ల లెక్క. ఇదీ మన బడి. ఇందులో ఏఐ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ కొంప ముంచుతుంది, దాన్ని ఇంకో టీచరుకు ఎట్టా నేర్పాలి, ఈ మూడే మాట్లాడుకుందాం.

మొదట ఒక మాట తేల్చేద్దాం. ఇది టీచరు చేతిలో ఉండే పనిముట్టు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల చేతికి ఇచ్చేది కాదు. యునెస్కో 2023లో ఇచ్చిన మార్గదర్శకంలో, తరగతి గదిలో ఇలాంటి సాధనాలను పిల్లలు వాడాలంటే కనీసం 13 ఏళ్ళు ఉండాలని సూచించింది. మన ఐదో తరగతి పిల్లాడికి పదీ పదకొండు. మన దేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే, వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. అందుకని పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు, కులం, ఆరోగ్య వివరాలు, ముఖాలు కనిపించే ఫొటోలు ఏవీ అందులో పెట్టకూడదు. నోటుపుస్తకం పేజీ ఫొటో తీసేటప్పుడు పైన రాసిన పేరు, బడి పేరు కాగితం ముక్కతో కప్పండి. 'క', 'గ', 'చ' అని గుర్తులు పెట్టుకుంటే సరిపోతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. పిల్లాడి వైద్య నివేదిక ఎక్కించక్కర్లేదు, 'పెద్ద అక్షరాలు కావాలి, ఒక పేజీలో నాలుగు ప్రశ్నలు మించకూడదు' అంటే చాలు.

ఇక అది పని చేసే తీరు. దానికి పాఠం అర్థమై జవాబు చెబుతోందని చాలామంది అనుకుంటారు. అది లెక్కలేనంత రాత చదివి, ఒక ముక్క తర్వాత ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశం ఉందో చూసుకుంటూ పేర్చుకుంటూ పోతుంది. అది చదివిన దాంట్లో ఇంగ్లీషు కొండంత, తెలుగు గోరంత. పైగా మన లిపి దానికి వేరేగా కనిపిస్తుంది. 'స్త్రీ' అని బోర్డు మీద రాస్తే మనకు ఒక్క అక్షరం. కంప్యూటరు లోపల అది ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, ఆ పైన ఈత్వం. 'లక్ష్మి' మనకు రెండక్షరాలు, దానికి ఏడు గుర్తులు. ఆ గుర్తుల్ని కూడా మళ్ళీ తన కొలతలో ముక్కలు చేసుకుని చదువుతుంది. అందుకే 'మూడక్షరాల మాటలు పది ఇవ్వు' అంటే రెండువీ నాలుగువీ కలిపి ఇస్తుంది. ద్విత్వాక్షరాలు అడిగితే 'అమ్మ, అక్క, పువ్వు' అంటూ బాగానే మొదలుపెట్టి మధ్యలో 'పద్మ' దూరుస్తుంది. పద్మలో దకు ఉన్నది ద ఒత్తు కాదు, మ ఒత్తు, అంటే సంయుక్తం కదా. అది తెలియని టీచరు ఉండరు. కానీ తొందరలో ఇరవై మాటల జాబితా బోర్డు మీదకు ఎక్కించేటప్పుడు కన్ను జారుతుంది. అదే అసలు ప్రమాదం.

ఒకటో తరగతికి గుణింతం లేని, ఒత్తు లేని మాటలు కావాలనుకోండి. 'సులువైన తెలుగు మాటలు ఇవ్వు' అని అడిగితే చేప, కోడి, పిల్లి, కుక్క అని ఇస్తుంది. ఎందుకంటే దానికి సులువంటే అర్థంలో సులువు. ఇంగ్లీషులో చిన్నపిల్లలకు మొదట నేర్పే మాటలు అవే కాబట్టి వాటినే తెలుగులోకి తిప్పి ఇస్తుంది. మనకు కావాల్సింది రాతలో సులువు. పిల్లాడికి ఏత్వమే రాకపోతే చేప ఎట్టా చదువుతాడు? కాబట్టి అడిగే పద్ధతి మార్చాలి. అక్షరాలకు కంచె వేయాలి. 'ప, ల, క, డ, వ, త, గ, న, మ, ర అనే ఈ పది అక్షరాలు మాత్రమే వాడాలి, తలకట్టు తప్ప వేరే గుణింతం రాకూడదు, సున్న రాకూడదు' అని రాయాలి. అప్పుడు పలక, పడవ, వల, తల, నడక, గడప, మడత, మరక, కడవ వస్తాయి. వాటితో పాటు అర్థం లేని మాటలు రెండు మూడు వస్తాయి, సరదాగా. కొట్టేయండి. ఎంత కంచె వేసినా దూకేది ఒకటైనా ఉంటుంది.

దానికంటే నమ్మకమైన పద్ధతి ఇంకొకటి ఉంది. మాటలు మీరివ్వండి, పని అది చేస్తుంది. పాఠ్యపుస్తకంలో ఆ వారం వచ్చే మాటలు పద్నాలుగో పదిహేనో మీరే ఎంచి టైపు చేయండి. అప్పుడు ఇట్టా అడగండి: 'రెండో తరగతి పిల్లలకు. కింద 14 మాటలు ఇచ్చాను. వీటిలో మాటలు మాత్రమే వాడి 8 వాక్యాలు రాయి. ఒక్కో వాక్యంలో 3 మాటలు మించకూడదు. ఒత్తున్న మాట ఒక్కటీ రాకూడదు. వేరే మాట లేకుండా వాక్యం కుదరకపోతే, ఆ వాక్యం రాయకుండా ఏ మాట కావాల్సి వచ్చిందో విడిగా చెప్పు. నేను బోర్డు మీద సుద్దతో రాస్తాను, కాబట్టి బొమ్మలు, నక్షత్రాలు, పట్టికలు పెట్టొద్దు.'

ఇందులో పనిచేసే భాగాలు ఏవో చూడండి. తరగతి చెప్పాం. ముడిసరుకు మనమే ఇచ్చాం. ఎన్ని కావాలో అంకెతో చెప్పాం. ఏది రాకూడదో చెప్పాం. కుదరకపోతే ఏం చేయాలో చెప్పాం. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. దారి చూపించకపోతే అది చేతులెత్తేయడం తక్కువ, చాలాసార్లు ఏదో ఒకటి కల్పించి పెడుతుంది. 'నువ్వు గొప్ప విద్యావేత్తవు' అని పొగిడి మొదలుపెట్టమని వీడియోల్లో చెబుతుంటారు. పొగిడితే నష్టమేమీ లేదు, పొగడకపోతే పోయేదీ లేదు. ఆ ఒక్క లైను బదులు మీ పిల్లల స్థాయి ఇంకో లైను రాయండి.

పాఠం ఫొటో తీసి ఎక్కించేవాళ్ళకు ఒక హెచ్చరిక. మనవి ద్విభాషా పుస్తకాలు, ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. పుస్తకం తెరిచి రెండు పుటలూ ఒకేసారి ఫొటో తీస్తే రెండూ కలగలిపి చదువుతుంది. ఒక్క పుట, పుస్తకం బల్లమీద చదునుగా పెట్టి, మీ నీడ పడకుండా కిటికీ దగ్గర తీయండి. తీశాక ముందు 'ఇందులో ఉన్నది ఉన్నట్టు టైపు చేసి చూపించు' అనండి. ప, ఫ, ష ఒకదానికొకటి మారతాయి, ద, ధ మారతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి. అవి సరిచేశాకే ప్రశ్నలు అడగాలి. పునాదిలో తప్పుంటే పైన వచ్చే పది ప్రశ్నల్లోనూ అదే తప్పు ఉంటుంది.

ఇప్పుడు లెక్కలకు వద్దాం. ఏఐ వల్ల మనకు ఎక్కువ లాభం ఇక్కడే అని నా లెక్క. వర్క్‌షీట్లు తయారుచేయడంలో మాత్రం కాదు, అవి గైడుల్లోనూ దొరుకుతాయి. పిల్లాడు ఎందుకు తప్పు చేశాడో పట్టుకోవడంలో.

మూడో తరగతి, అప్పు తెచ్చే తీసివేతలు. ఒక పిల్ల నోటుపుస్తకంలో ఇట్టా ఉంది: 61 లోంచి 38 తీస్తే 37. 43 లోంచి 19 తీస్తే 36. 70 లోంచి 46 తీస్తే 36. 48 లోంచి 23 తీస్తే 25. చివరిది రైటు, మిగతావి తప్పు. ఆ పిల్లకు తీసివేత రాదని రాసేస్తాం. కానీ చూడండి, ఒకట్ల స్థానంలో పైది చిన్నదైతే ఆ పిల్ల కింది దాంట్లోంచి పైది తీసేస్తోంది. 8 లోంచి 1 తీసి 7, 9 లోంచి 3 తీసి 6. 'పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి' అని రెండో తరగతిలో మనం చెప్పిన మాటే నమ్మకంగా పాటిస్తోంది పాపం. ఇంకో పిల్లాడు 61 లోంచి 38 తీసి 33 అన్నాడు. వాడు అప్పు తెచ్చాడు, 11 లోంచి 8 తీసి 3 సరిగానే వేశాడు, కానీ పదుల్లో 6ను 5 చేయడం మరిచాడు. ఇద్దరికీ జబ్బులు వేరు, మందులు వేరు. ఆ పిల్లకు పది పుల్లల కట్ట విప్పి చూపించాలి. ఈ పిల్లాడికి 6 కొట్టేసి పైన 5 రాసే అలవాటు చేయించాలి.

మొదటి పిల్ల రాసిన నాలుగు జవాబుల్నీ పేరు లేకుండా ఏఐకి ఇచ్చి 'వీటిలో ఉన్న తప్పులన్నిటికీ ఒకే పొరపాటు కారణమై ఉంటుంది, ఏమై ఉంటుందో చెప్పు, అదే పొరపాటు ఉంటే 85 లోంచి 59 తీసివేతకు ఏ జవాబు వస్తుందో కూడా చెప్పు' అని అడగండి. ఇలాంటి పనిలో అది గట్టిదే. రెండో సగం ఎందుకంటే, అది చెప్పిన కారణం నిజమో కాదో తేల్చుకోవడానికి. మర్నాడు ఆ పిల్ల చేత అదే లెక్క చేయించండి. 34 వేస్తే కారణం దొరికినట్టే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ రెండు పొరపాట్లనూ విడదీసే లెక్కలు పది ఇమ్మంటే, అందులో 52 లోంచి 27 లాంటిది వచ్చిందనుకోండి. అది పనికిరాదు. ఎందుకని? మొదటి పిల్ల 7 లోంచి 2 తీసి 5 వేస్తుంది, పదుల్లో 3, మొత్తం 35. రెండో పిల్లాడు అప్పు తెచ్చి 12 లోంచి 7 తీసి 5 వేస్తాడు, పదులు తగ్గించడు కాబట్టి 3, వాడికీ 35. ఇద్దరికీ ఒకే జవాబు! ఒకట్ల అంకెల మధ్య తేడా 5 ఉన్న ప్రతి లెక్కలోనూ ఇదే జరుగుతుంది. 83 లోంచి 48, 61 లోంచి 26, ఏదైనా వేసి చూసుకోండి. ఏఐ ఇచ్చిన పదిలో ఇలాంటివి ఒకటో రెండో ఉండొచ్చు, తప్పు జవాబు కాదు కాబట్టి మామూలుగా చూస్తే కంటికి ఆనవు. ఇలాంటివి ఏరేయడం టీచరు పని. ముందే 'ఒకట్ల స్థానంలో తేడా 5 రాకూడదు' అని కంచె వేయొచ్చు. ఆ కంచె ఎక్కడ వేయాలో తెలియాలంటే మాత్రం లెక్క మనకు తెలియాలి. అందుకే ఏఐ వచ్చాక టీచరుకు సబ్జెక్టు తక్కువ వచ్చినా ఫర్వాలేదనే వాదన నేను ఒప్పుకోను.

మాటల లెక్కలు అడిగితే జాన్ దగ్గర ఆపిల్ పండ్లుంటాయి. ఆపిల్ బదులు నిమ్మకాయలు పెట్టమంటే పెడుతుంది, అది చిన్న విషయం. పెద్ద విషయం కొలతలు. మన దగ్గర వడ్లు పుట్లలో అమ్ముతారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, కోవూరులో ఏ పిల్లాణ్ణి అడిగినా ఇంట్లో విన్నానంటాడు. ఇంటి స్థలం అంకణాల్లో చెబుతారు, అంకణం అంటే మనకు 72 చదరపు అడుగులు. అదే చిత్తూరు దిక్కుపోతే 36. ఏఐకి ఈ ఊరి తేడా తెలియకపోవచ్చు. 12 అంకణాల స్థలం ఎన్ని చదరపు అడుగులు అంటే మనకు 864. అది 36తో గుణించిందంటే 432 అని ఏ మాత్రం తొణక్కుండా చెబుతుంది. అదే కొలత మీరిచ్చి అడగండి: 'అంకణం 72 చదరపు అడుగులు, ఎకరా 43,560 చదరపు అడుగులు, ఈ రెంటి మీద ఐదో తరగతికి ఆరు లెక్కలు చేయి.' ఎకరాకు 605 అంకణాలు శేషం లేకుండా వస్తాయి, భాగహారానికి చక్కటి లెక్క. పుట్టి మీద గుణకారాలు చేయించండి, 3 పుట్లు 2,550 కిలోలు. ఇంట్లో నాన్న నోట విన్న మాట బడిలో లెక్కయితే పిల్లాడు తల ఎత్తి చూస్తాడు.

పరిసరాల విజ్ఞానంలో మన జిల్లా సంగతులు అడిగేటప్పుడు ఇంతకు రెట్టింపు అనుమానం కావాలి. కందుకూరు ఏ జిల్లా? 1970కి ముందు నెల్లూరు. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చి అందులో కలిసింది, దానికే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 అయినప్పుడు కందుకూరు మళ్ళీ నెల్లూరుకు వచ్చింది. ఆ తర్వాత కూడా సరిహద్దులు కదులుతూనే ఉన్నాయి. ఏఐ ఏ కాలంలో రాసింది చదివిందో ఆ కాలపు జవాబు చెబుతుంది. సూళ్ళూరుపేట ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉందని చెప్పినా ఆశ్చర్యపడక్కర్లేదు. మండలాలు, జిల్లాలు, మంత్రులు, పథకాల పేర్లు, ఇలా మారేవాటి మీద దాన్ని అడగనే వద్దు. పెన్న నంది కొండల్లో పుట్టి, సోమశిల దాటి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుందన్నది మారేది కాదు. అలాంటివి మీరే నాలుగు లైన్లు రాసిచ్చి, వాటి మీద ప్రశ్నలు చేయమనండి.

భాష సంగతి. అది రాసే తెలుగు చాలాసార్లు అనువాదం వాసన కొడుతుంది. 'క్రింది వాటిని జాగ్రత్తగా గమనించి ఖాళీలను పూరించబడిన వాక్యాలుగా మార్చండి' అని ఉంటుంది. రెండో తరగతి పిల్లాడు 'క్రింది' దగ్గరే ఆగిపోతాడు. 'కింద చూడు. ఖాళీలో మాట రాయి' అని మార్చుకోండి. మన పిల్లలు ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, బొరుగులు, మిద్దె అంటారు. అది ఉల్లిపాయలు, వెల్లుల్లి, మరమరాలు, మేడ అని రాస్తుంది. పుస్తకంలో ఉన్న మాట పిల్లలకు తెలియాలి, కాదనను. కానీ ఒకటో తరగతిలో బొమ్మ చూపించి ఎర్రగడ్డ అన్న పిల్లను తప్పంటే ఆ పిల్ల మళ్ళీ నోరు తెరవదు. వలసలకూ చేపల వేటకూ వెళ్ళే కుటుంబాల పిల్లలు, యానాది కాలనీల పిల్లలు వారం పదిరోజులు రాకుండా మళ్ళీ వస్తుంటారు కదా, వాళ్ళకు జరిగిపోయిన పాఠాన్ని రోజుకొక చిన్న చీటీగా మూడు చీటీలు చేయించుకోవడానికి ఏఐ బాగా పనికొస్తుంది. ఆ చీటీల్లో భాష మాత్రం మీ నోటి భాషే ఉండాలి.

కథలు రాయమంటే రాస్తుంది. అన్ని కథలూ అడవిలో మొదలై నీతితో ముగుస్తాయి. పేదరాశి పెద్దమ్మ కథలు మీకే ఎక్కువ వచ్చు, దాని జోలి వదిలేయండి.

బొమ్మల గురించి రెండు ముక్కలు. బొమ్మలో తెలుగు అక్షరాలు పెట్టమనకండి, సగం లేని అక్షరాలు, పుట్టని అక్షరాలు రావచ్చు. ఒకటో తరగతి పిల్లాడి కంట తప్పు అక్షరం పడటం మంచిది కాదు. 'అక్షరాలు లేకుండా, తెల్ల కాగితం మీద నల్ల గీతల బొమ్మ' అని అడిగి, పేరు మీ చేత్తో రాయండి. జిరాక్స్‌లో నల్ల గీతలే శుభ్రంగా వస్తాయి, రంగు వేసే పని పిల్లలకు మిగులుతుంది. కాళ్ళు, వేళ్ళు లెక్కపెట్టుకోండి. ఎడ్లబండి అడిగితే కాడి ఎక్కడో, ఎద్దు ఎక్కడో ఉంటుంది. ఒంగోలు గిత్తను అడిగి చూడండి, మూపురం లేని విదేశీ ఆవును కూడా పంపించగలదు.

ఇద్దరు టీచర్ల బడిలో అసలు కష్టం, ఒక గుంపుకు చెబుతుంటే ఇంకో గుంపును ఏం చేయాలన్నది. 'మూడో తరగతికి టీచరు సాయం లేకుండా 20 నిమిషాలు చేసుకునే పని' అడిగితే, ఐదు నిమిషాల్లో అయిపోయేది ఇస్తుంది. లేదా ప్రొజెక్టరు, చార్టులు, రంగు కాగితాలు కావాలంటుంది. గదిలో ఏముందో ముందే రాయండి: నల్లబల్ల, సుద్ద, పలకలు, చింతగింజలు, కొబ్బరి ఈనెలు, పాత క్యాలెండరు. ఇవి తప్ప వేరేవి వాడొద్దనండి. పాఠ్య ప్రణాళిక రాయిస్తే పక్కన రాసిన నిమిషాలు కూడండి. పైన 45 అని ఉంటుంది, కింద కూడితే 60 వస్తుంది.

ఇప్పుడు శిక్షణ ఎట్టా జరపాలన్నది. ఒకరోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తెరమీద స్లైడ్లు చూపించి, చివర సర్టిఫికెట్ ఇస్తే పని జరగదు. రెండు గంటల చొప్పున మూడు సార్లు పెట్టండి, మధ్యలో రెండేసి వారాలు ఎడం ఉంచండి. 30 మంది కంటే ఎక్కువ వద్దు. ముగ్గురికొక గుంపు, పది గుంపులు. ప్రతి గుంపులో ఫోను బాగా వచ్చినవారు ఒకరు, తెలుగు వ్యాకరణం గట్టిగా వచ్చిన పెద్ద టీచరు ఒకరు ఉండేట్టు మీరే కలపండి, వాళ్ళిష్టానికి వదిలితే స్నేహితులు స్నేహితులు కూర్చుంటారు. ఫోను ఒక్కటే తెరవాలి, మిగతా రెండూ సంచిలో.

మొదటి గంట ఎక్కడ మాయమవుతుందో చెబుతాను. పాస్‌వర్డ్ మరిచిపోవడం, ఓటీపీ వచ్చే నంబరు ఇంట్లో ఉన్న ఫోనులో ఉండటం, ఫోనులో జాగా లేక యాప్ ఎక్కకపోవడం, తెలుగు కీబోర్డు లేకపోవడం. ఈ నాలుగూ రెండు రోజుల ముందే వాట్సాప్ గ్రూపులో చెప్పి తీర్చేయాలి. తెలుగు టైపింగు రానివాళ్ళకు కీబోర్డు మీద మైకు గుర్తు చూపించండి, మాట్లాడితే రాస్తుంది. ముప్పై ఫోన్లూ ఒకే వైఫై మీద పడితే అన్నీ ఆగిపోతాయి, అందుకే గుంపుకు ఒకటే అన్నాను. ఉదయగిరి, సీతారామపురం కొండల దిక్కు బడుల్లో సిగ్నల్ నమ్ముకోలేం. ముందురోజు సాయంత్రం సిగ్నల్ ఉన్న చోట పని చేసుకుని, కాగితం మీదకు దించుకుని బడికి వెళ్ళే పద్ధతే నేర్పండి. బడిలో ఫోను తీయాల్సిన అవసరమే రాకూడదు.

మొదటి సారి రెండు గంటలు ఇట్టా పంచండి. అది ఎట్టా పనిచేస్తుందో, పిల్లల వివరాలు ఎందుకు పెట్టకూడదో 20 నిమిషాలు. అడగడం 30 నిమిషాలు. దిద్దడం 50 నిమిషాలు. గుంపులు దొరికిన తప్పులు చదివి వినిపించడం 20. కూడి చూసుకోండి, 120 వస్తుంది. దిద్దడానికి అంత ఎందుకంటారా? అడగడం ఎవరికైనా పది నిమిషాల్లో వస్తుంది, పిల్లలకు కూడా వస్తుంది. వచ్చింది బోర్డు మీదకు ఎక్కించవచ్చా లేదా అని తేల్చడం టీచరుకు మాత్రమే వస్తుంది, దానికీ సాధన కావాలి. శిక్షణలన్నీ మొదటిదాని మీదే గంటలు పోసి, రెండోదాన్ని 'జాగ్రత్తగా సరిచూసుకోండి' అనే ఒక్క వాక్యంతో దాటేస్తాయి. ఎట్టా సరిచూడాలో చెప్పకపోతే ఎవరూ చూడరు.

ఎట్టా చూడాలో చెబుతాను. ఏఐ ఇచ్చింది కాగితం మీద రాయించండి, తెరమీద చదివితే కన్ను పైపైన పోతుంది. మూడుసార్లు చదవాలి, ఒక్కోసారి ఒక్కదాని కోసమే. మొదటిసారి రాత: ఒత్తులు, గుణింతాలు, మాటల స్థాయి. రెండోసారి నిజం: ప్రతి లెక్కా చేత్తో చేయాలి, జవాబుల పట్టిక చూడకుండా. ప్రతి పేరూ, సంవత్సరమూ, కొలతా పుస్తకంతో పోల్చాలి. మూడోసారి పిల్లాడి కళ్ళతో: ఈ ప్రశ్నకు రెండు జవాబులు వస్తాయా, ఈ వస్తువు వాడు చూశాడా, పలకమీద పడుతుందా? ముగ్గురూ వేరువేరుగా దిద్ది, తర్వాత కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే, ఒకరికి దొరికింది ఇంకొకరికి దొరకలేదని తెలుస్తుంది. దానికోసం మీరు ముందే ఒక కాగితం తయారుచేసుకోండి, 12 ప్రశ్నలు, అందులో మీకు తెలిసి 5 తప్పులు. గుంపులకు తప్పులెన్నో చెప్పొద్దు. మూడు దొరికి ఆగిపోయినవాళ్ళే మొదటి సారి ఎక్కువగా ఉంటారు.

ఇంకో సాధన. ఏఐ రైటుగా చెప్పిన దాన్ని 'తప్పు చెప్పావు' అనండి. ఎక్కంలో అయితే నిలబడొచ్చు. కానీ 'పద్మలో ఉన్నది సంయుక్తం కాదు, ద్విత్వం' అని రెండుసార్లు గట్టిగా అంటే చాలాసార్లు క్షమాపణ చెప్పి మాట మార్చేస్తుంది. ఇది ప్రతి గుంపూ తన కళ్ళతో చూడాలి. అప్పుడే 'నిజమేనా?' అని దాన్నే అడిగి సరిచూసుకున్నామనుకునే అలవాటు పోతుంది. సాక్షి, ముద్దాయి ఒకరే అయితే విచారణ ఏముంది?

రెండోసారి వచ్చేటప్పుడు ప్రతి టీచరూ తరగతిలో నిజంగా వాడిన ఒక కాగితం తేవాలి, దాని మీద ఎర్ర దిద్దుబాట్లతో సహా. దానితో పాటు పిల్లల తప్పు జవాబులున్న ఐదు పేజీలు, పేర్లు కప్పి. ఆ రోజంతా నేను చెప్పిన తీసివేతల పని లాంటిది చేయించండి. మూడోసారి పొరుగు బడివాళ్ళతో కాగితాలు మార్చుకోవడం, ఒకరు దిద్దింది ఇంకొకరు మళ్ళీ దిద్దడం. కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం మూడో తరగతి అయ్యేలోపు చదవడం, లెక్క చేయడం రావాలన్నది, కాబట్టి ఒకటి నుంచి మూడు తరగతుల కాగితాలకే మొదటి వరుస ఇవ్వండి. ఎంతమంది యాప్ దించుకున్నారని పైవాళ్ళు అడుగుతారు, ఆ అంకె పంపించండి, దాంతో మనకు పని లేదు. మనం చూడాల్సింది మొదటిసారి 5 తప్పుల్లో ఎన్ని పట్టారు, మూడోసారి ఎన్ని పట్టారు అన్నది.

పెద్ద వయసు టీచర్లు 'మాకెందుకయ్యా ఇవన్నీ' అంటారు. వాళ్ళను ఫోను దగ్గర కూర్చోబెట్టకండి, ఎర్ర పెన్ను దగ్గర కూర్చోబెట్టండి. ఏఐ చేసిన తప్పు మొదటిది పట్టుకున్నాక ఇంకొకటి చూపించమని వాళ్ళే అడుగుతారు.

సరే, ఇప్పుడు మీ వంతు. బల్లల మీద 12 ప్రశ్నల కాగితాలున్నాయి, మూడో తరగతి తెలుగు ఒక పక్క, లెక్కలు ఒక పక్క. ఫోన్లు సంచిలో పెట్టేయండి. ముగ్గురు ముగ్గురు కూర్చోండి, ఒకరి కాగితం ఒకరు చూడొద్దు, ఇరవై నిమిషాలు టైము. ఎర్ర పెన్ను తెచ్చుకోనివాళ్ళు చెయ్యెత్తండి, ఇక్కడ ఒక డబ్బా ఉంది.